ఒకే గట్టు మీద నుంచి ఆరు గుంటలు

రొయ్యల గుంటలో ఆక్సిజన్ అడుగంటేది తెల్లవారుజామున. పగలు ఎండ ఉన్నంతసేపూ నీళ్లలోని నాచు ప్రాణవాయువును ఇస్తుంది. పొద్దు గూకాక అదే నాచు రొయ్యలతో పాటు తానూ పీల్చుకోవడం మొదలుపెడుతుంది. రాత్రి మూడింటికీ ఐదింటికీ మధ్య ఏరియేటర్లు ఆగిపోతే పంట చేజారడానికి ఎంతోసేపు పట్టదు. నెల్లూరు తీరంలో ముత్తుకూరు నుంచి అల్లూరు దాకా గుంటలున్న ఏ రైతునడిగినా చెబుతాడు, ఆ రెండు గంటలు సగం నిద్రే అని.

మైపాడు దారిలో మాకు ఆరు గుంటలు. నేనూ మా బావా కలిసి చేస్తాం. ఒక వేసవి రాత్రి మూడున్నరకు కరెంటు పోయింది. జనరేటర్ లేవలేదు. కావలి కుర్రాడు నాకు వాట్సాప్‌లో వాయిస్ మెసేజి పెట్టాడు. పెట్టింది నా వ్యాపారం నంబరుకు. ఆ ఫోను హాల్లో చార్జింగులో ఉంది. తలగడ పక్కనున్న సొంత ఫోను నోరు నేనే మూసి పడుకున్నాను. కారణం చెబితే నవ్వుతారు. మా ఇంజనీరింగు బ్యాచ్‌లో సగం మంది డల్లాస్‌లో ఉన్నారు. అక్కడ సాయంత్రం ఐదింటికి ఒకడు గుడ్ ఈవెనింగ్ అంటాడు. వేసవిలో అప్పుడు మనకు తెల్లవారుజామున సరిగ్గా మూడున్నర. ఆ ఒక్కడికి నలభై మంది బదులిస్తారు.

ఐదింటికి నేను గట్టెక్కేసరికి రొయ్యలు పైకి తేలి, గట్టు వారకు చేరి ఉన్నాయి. ఒక గుంట దాదాపు పోయింది.

"అన్నా, మెసేజి పెట్టుండా గదా, చూళ్లేదా?" అన్నాడు కుర్రాడు.

"ఫోన్ చెయ్యకూడదంట్రా?"

"రేత్రి పూట నిద్ర చెడగొట్టేదెందుకని..."

వాడి మర్యాద వాడిది. తప్పు నాదే. ఏ కబురు ఏ దారిన రావాలో నేను వాడికి ఎప్పుడూ చెప్పలేదు. నాకే తెలిసి చస్తే గదా! ఆ రోజు మధ్యాహ్నం కూర్చుని లెక్కపెట్టాను. సొంత వాట్సాప్, వ్యాపారం వాట్సాప్, రేట్లు వచ్చే టెలిగ్రామ్, దుబాయిలో ఉన్న తమ్ముడి కోసం బోటిమ్, పిన్నమ్మ వదలని మెసెంజర్, మేనకోడలు పట్టుబట్టి పెట్టించిన ఇన్‌స్టాగ్రామ్, ఎవరో పిలిస్తే చేరిన అరట్టై. గుంటలు ఆరు, గుమ్మాలు ఏడు. గుంటలకు కావలి ఉంది, గుమ్మాలకు లేదు.

ఈ అధ్యాయం ఆ కావలి గురించి. అన్ని ఖాతాల మెసేజిలనూ ఒకేచోట చూపించే ప్రోగ్రాములున్నాయి. అవి పనికొస్తాయా, ఎంతవరకు పనికొస్తాయి, ఎక్కడ ముంచుతాయి అన్నది నాకు తెలిసినంత చెబుతాను.

ఇది కొత్త జబ్బు కాదు, మందూ కొత్తది కాదు. 2000 తర్వాత నెల్లూరులో నెట్ సెంటర్లు నడిచిన రోజులు గుర్తున్నవాళ్లకు తెలుసు. గంటకింతని కట్టి, ప్లైవుడ్ గదిలో కూర్చుంటే ఒకడు యాహూ మెసెంజర్‌లో ఉండేవాడు, ఇంకొకడు ఎమ్మెస్సెన్‌లో, అమెరికా పోయినవాడు ఏఐఎమ్‌లో. 1996లో ఇజ్రాయెల్ కుర్రాళ్లు తెచ్చిన ఐసీక్యూతో మొదలైన గోల అది. మూడేళ్లు తిరిగేసరికి ఎవరి కోట వాళ్లు కట్టుకున్నారు. ఒక కోటలోంచి ఇంకో కోటలోకి కేకేస్తే వినపడదు. అప్పుడే పుట్టాయి, అన్ని కోటల్లోకీ కిటికీ తెరిచే ప్రోగ్రాములు. గెయిమ్ అన్నది 1998లో వచ్చింది, పేరు మీద తగవు వచ్చి 2007లో పిడ్జిన్‌గా మారింది. ట్రిలియన్ 2000లో వచ్చింది. మనకు నెట్ సెంటర్లో బాగా పనికొచ్చింది మీబో. 2005లో వచ్చిన ఈ మీబోకు ఏమీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. బ్రౌజర్‌లో తెరిస్తే చాలు. ఇన్‌స్టాల్ చేయనివ్వని సెంటర్ యజమాని పక్కనే నిలబడి గుడ్లురిమినా ఏం చేయలేడు.

వాటికి ఏం జరిగిందో తెలుసుకోవడం ముఖ్యం. ఈరోజు వాడబోయే ప్రోగ్రాముకూ అదే జరగొచ్చు. 2002లో ఏఓఎల్ కంపెనీ ట్రిలియన్‌ను తన కోటలోకి రానివ్వకుండా తలుపేసింది. ట్రిలియన్ వాళ్లు ఇంకో సందు వెతికారు. మళ్లీ తలుపు, మళ్లీ సందు. 2006లో యాహూ, మైక్రోసాఫ్ట్ తమంతట తాము చేతులు కలిపి, ఇక్కడివాళ్లు అక్కడివాళ్లతో మాట్లాడుకోవచ్చన్నాయి. అదీ నిలవలేదు. మీబోను 2012లో గూగుల్ కొనుక్కుని మూసేసింది. ఏఐఎమ్ 2017 డిసెంబరులో, యాహూ మెసెంజర్ 2018 జులైలో, ఐసీక్యూ 2024 జూన్‌లో, స్కైప్ 2025 మేలో వెళ్లిపోయాయి. ఆ కాలం నాటి నా మెసేజిల్లో ఒక్కటీ ఇప్పుడు నా దగ్గర లేదు. అందులో మా నాన్న టైపు చేయించిన రెండు వాక్యాలుండేవి. అవీ పోయాయి.

మొన్నటికి మొన్న 2023 డిసెంబరులో బీపర్ అనే కంపెనీ, ఆండ్రాయిడ్ ఫోన్లోంచి ఆపిల్ వాళ్ల ఐమెసేజ్ పంపే ఉపాయం కనిపెట్టింది. రోజుల్లోనే ఆపిల్ దానికి అడ్డు కట్టింది. ఇరవయ్యొక్కేళ్ల తర్వాత అదే తలుపు, అదే సందు. ఐరోపాలో మాత్రం చట్టం చేసి, పెద్ద మెసేజి కంపెనీలు బయటివాళ్లకు తలుపు తీయాలన్నారు. అందుకే 2025 నవంబరు నుంచి అక్కడి వాట్సాప్‌లో ఒకటి రెండు చిన్న యాప్‌ల వాళ్లతో మాట్లాడే వీలొచ్చింది. అది వాళ్ల చట్టం. మన దగ్గర అలాంటిది లేదు కాబట్టి, ఇక్కడ ఈ ప్రోగ్రాములన్నీ కంపెనీల ఓర్పు మీద బతికేవే. దాన్ని ఇల్లు అనుకోకండి, పందిరి అనుకోండి.

పందిళ్లు మూడు రకాలు. రకం తెలియకుండా వేసుకుంటే తర్వాత ఏడవాలి.

మొదటిది పాత పిడ్జిన్ తరహా. ఏ కంపెనీ భాష ఆ కంపెనీతో మాట్లాడుతూ తానే అసలు యాప్‌లాగా నటించేది. ఈ రోజుల్లో మనలాంటి వాళ్లకు దీంతో పెద్దగా పనిలేదు, వదిలేద్దాం.

రెండోది కిటికీల తరహా. ఫెర్డియమ్, రామ్‌బాక్స్ లాంటివి. ఇవి కంప్యూటర్లో నడుస్తాయి. వాట్సాప్ వెబ్, టెలిగ్రామ్ వెబ్, మెసెంజర్, జీమెయిల్, ఒక్కోదాన్ని ఒక్కో అరలో తెరిచి ఎడమ పక్కన వరసగా నిలబెడతాయి. రెండు వాట్సాప్ నంబర్లుంటే రెండు అరలు. ఏ అరలో కొత్త మెసేజి వచ్చిందో అంకె చూపిస్తుంది. ఇక్కడ ఏదీ దేనితోనూ కలవదు. బ్రౌజర్లో ఏడు ట్యాబులు తెరిచే బదులు ఒక బీరువా అన్నమాట. ఆఫీసులో, ఎగుమతి కంపెనీలో, హేచరీలో కంప్యూటరు ముందు కూర్చుని పనిచేసేవారికి నా సలహా ఇదే. ఫెర్డియమ్‌కు డబ్బు కట్టనక్కర్లేదు.

మూడోది వంతెన తరహా. బీపర్ ఇప్పుడు ఈ పనే చేస్తోంది. 2024లో దాన్ని ఆటోమాటిక్ కంపెనీ కొనుక్కుంది. ఇందులో అన్ని ఖాతాల మెసేజిలూ ఒకే వరసలో, వచ్చిన వేళను బట్టి ఒకదాని కింద ఒకటిగా కనిపిస్తాయి. ఫోన్లోనూ నడుస్తుంది. దీని గురించి కొంచెం నిలబడి మాట్లాడుకోవాలి.

మన తీరం వెంబడి బకింగ్‌హాం కాలువ ఉంది గదా. పడవలు తిరిగిన కాలంలో నీటిమట్టం మారే చోట లాకులుండేవి. పడవ లాకులోకి వస్తుంది, వెనక తలుపు మూస్తారు, నీళ్లు సమం చేస్తారు, ముందు తలుపు తీస్తారు. ఆ కాసేపూ పడవలో ఏముందో లాకు మనిషికి కనిపిస్తుంది. వంతెన ప్రోగ్రామూ అలాంటి లాకే. వాట్సాప్ 2016 ఏప్రిల్ నుంచి మెసేజిలకు ఆ చివర నుంచి ఈ చివర దాకా తాళం వేస్తోంది. పంపినవాడూ అందుకున్నవాడూ తప్ప మధ్యలో ఎవరూ చదవలేరు. వంతెన ఆ మెసేజిని వేరే చోట చూపించాలంటే ఎక్కడో ఒకచోట ఆ తాళం తీయాలి. ఆ తీసేది ఎక్కడ? కంపెనీ వాళ్ల సర్వర్లోనా, మీ ఫోన్లోనా? మొదట్లో బీపర్ తరహా ప్రోగ్రాములు ఆ పని సర్వర్లోనే చేసేవి. 2025 నుంచి బీపర్ ఆ పనిని మన ఫోన్లోనే చేసే పద్ధతి తెచ్చింది. ఏ వంతెన ప్రోగ్రాము పెట్టుకున్నా ముందు వెతకాల్సిన జవాబు ఇదొక్కటే. జవాబు దొరక్కపోతే పెట్టుకోకండి. రంగులు బాగున్నాయా, ఎన్ని యాప్‌లు కలుపుతుంది అన్నవన్నీ తర్వాత సంగతి.

సరే, ఇప్పుడు పని. ప్రోగ్రాము దించుకోవడం చివరి మెట్టు, మొదటిది కాదు. ముందు ఒక కాగితం తీసుకోండి. ఫోన్లో కాదు, కాగితమే.

పోయిన వారం రోజుల మెసేజిలు వెనక్కి తిప్పి చూడండి. ఏది చూడకపోతే నిజంగా నష్టం జరిగేదో అది మాత్రమే రాయండి. ఎవరు పంపారు, ఏ యాప్‌లో, ఎంతసేపట్లో చూడాల్సింది. నా కాగితం మీద వారానికి పదకొండు వచ్చాయి. మూడు గుంటల దగ్గర నుంచి, రెండు సీడు తెచ్చే హేచరీ నుంచి, ఒకటి ల్యాబ్ నుంచి పీసీఆర్ రిపోర్టు, రెండు కొనేవాళ్ల నుంచి, ఒకటి పిల్లవాడి స్కూలు, రెండు ఇంట్లోవి. పదకొండు! ఆ వారం నా ఫోన్లకు వచ్చినవి వేలల్లో ఉంటాయి. వేలను ఒకచోట పోగేసే ప్రోగ్రాము పెట్టుకుంటే ఒకే పెద్ద కుప్ప తయారవుతుంది, అంతే. ఇది చాలామంది చేసే పొరపాటు. ఏడు చిన్న చెత్తబుట్టలను ఒక పెద్ద డ్రమ్ములో పోసి, ఇల్లు శుభ్రమైందనుకుంటారు.

కాగితం పూర్తయ్యాక దాన్ని తిరగేసి, రెండో వైపు గుమ్మాలు రాయండి. ఏ గుమ్మం దగ్గరికి కాగితంలోని మనిషి ఒక్కడూ రావట్లేదో దాన్ని మూసేయొచ్చు. నాకు అరట్టై, ఇన్‌స్టాగ్రామ్ అలా పోయాయి. మేనకోడలికి చెప్పాను, నాతో మాట్లాడాలంటే ఇక్కడికి రామ్మా అని. మూడు రోజులు అలిగింది, తర్వాత వచ్చింది. మనుషులను గుమ్మం మార్పించడం మనం అనుకున్నంత కష్టం కాదు. అడగం, అదే కష్టం. జోహో వాళ్ల అరట్టై మీద నాకేం కోపం లేదు. నాకు కావలసినవాళ్లెవరూ అక్కడ లేరు.

ఆ తర్వాత, కొత్త ప్రోగ్రాము వెతకక ముందు, చేతిలో ఉన్న యాప్‌లో ఏముందో చూడండి. రెండు ఫోన్లు మోసేవాళ్లలో చాలామందికి తెలియని సంగతి, 2023 అక్టోబరు నుంచి ఆండ్రాయిడ్‌లో ఒకే వాట్సాప్ యాప్‌లో రెండు నంబర్లు పెట్టుకునే వీలొచ్చింది. ఫోన్లో రెండు సిమ్‌లుంటే చాలు. టెలిగ్రామ్‌లో ఒకే యాప్‌లో మూడు ఖాతాలు పెట్టుకోవచ్చు. నాకు హాల్లో ఫోను, తలగడ దగ్గర ఫోను అన్న గొడవ దీనితోనే తీరిపోయింది. ఏ మూడో కంపెనీ చేతిలోనూ తాళం పెట్టనక్కర్లేకపోయింది. సంభాషణలను జాబితాలుగా విడగొట్టే సౌకర్యం కూడా వాట్సాప్‌లోనే ఉంది. నేను 'గుంటలు' అని ఒక జాబితా, 'ఇల్లు' అని ఒకటి పెట్టుకున్నాను. గ్రూపులన్నిటినీ ఆర్కైవ్‌లో పడేశాను. కొత్త మెసేజి వచ్చినా అవి అక్కడే పడుంటాయి, పైకి ఎగిరి రావు. డల్లాస్ వాళ్ల గుడ్ ఈవెనింగులు ఇప్పుడు అందులోనే ఉంటున్నాయి. వాళ్లకు తెలియదు, చెప్పకండి.

ఇంతవరకు చేస్తే పదిమందిలో ఏడెనిమిది మందికి వేరే ప్రోగ్రాము అక్కర్లేదన్నది నా అనుభవం. ఇంకా అవసరమున్నవాళ్లు ఎవరంటే, రోజూ నాలుగైదు యాప్‌లలో వ్యాపారం నడిపేవాళ్లు. కృష్ణపట్నం మీదుగానో చెన్నై మీదుగానో సరుకు పంపేవాళ్ల సంగతి చూడండి. ఒక దేశపు కొనుగోలుదారు వాట్సాప్ అంటాడు, ఇంకో దేశంవాడు టెలిగ్రామ్ అంటాడు. చైనావాళ్లకు వీచాట్ తప్ప ఇంకోటి పట్టదు. ఆ వీచాట్‌ను మన ప్రభుత్వం 2020 జూన్ చివర్లో 59 యాప్‌లలో ఒకటిగా ఆపేసింది. ఒక గుమ్మం రాత్రికి రాత్రి గోడైపోవడమంటే ఏమిటో ఆ వ్యాపారం చేసేవాళ్లకు అప్పుడు తెలిసింది. కాబట్టి ముఖ్యమైన ప్రతి మనిషికీ రెండో దారి ఒకటి రాసి పెట్టుకోండి. ఫోను నంబరో, ఈమెయిలో. ప్రోగ్రాములో కాదు, మళ్లీ ఆ కాగితం మీదే.

ఈ ప్రోగ్రాములను కంప్యూటర్లో పెట్టేటప్పుడు వాట్సాప్ మీ ఫోన్‌తో ఒక క్యూఆర్ స్కాన్ చేయమంటుంది. ఆ స్కాన్ అంటే మీ ఇంటి తాళంచెవికి నకలు తీసి ఇవ్వడమే. ఫోను కాక ఇంకో నాలుగు చోట్ల దాకా అలా కలపొచ్చు. ఫోన్ పద్నాలుగు రోజులు తెరవకపోతే ఆ కలిపినవన్నీ తెగిపోతాయి. వాట్సాప్ సెట్టింగుల్లో లింక్డ్ డివైసెస్ అని ఉంటుంది. నెలకోసారి అందులోకి వెళ్లి, మీరు కలపని యంత్రం ఏదైనా ఉందేమో చూడండి. జిరాక్స్ షాపులో ఆధార్ ప్రింటు కోసం తెరిచిన వాట్సాప్ వెబ్, మీరు ఇంటికొచ్చాక కూడా అక్కడ తెరిచే ఉండొచ్చు. మా బావది ఒకసారి అలాగే దొరికింది.

ఇంకో సంగతి. 2025 నవంబరు 28న కేంద్ర టెలికాం శాఖ మెసేజి యాప్‌లకు ఒక ఆదేశం ఇచ్చింది. ఏ నంబరుతో ఖాతా తెరిచారో ఆ సిమ్ ఫోన్లో ఉంటేనే యాప్ నడవాలని, వెబ్‌లో తెరిచినది ఆరు గంటలకోసారి తెగిపోయి మళ్లీ క్యూఆర్ అడగాలని, ఇందుకు 90 రోజులు గడువని. మోసాలు ఆపడానికి పెట్టిన నియమం అది. మనం చెప్పుకుంటున్న కిటికీల తరహా ప్రోగ్రాములన్నీ ఈ వెబ్ ఖాతాల మీదే నడుస్తాయి కాబట్టి, దీని దెబ్బ నేరుగా వాటి మీదే. పెట్టుకునే ముందు ఆ వారం నియమం ఏ రూపంలో ఉందో కనుక్కోండి. పాత సిమ్ ఎక్కడో పడేసి ఆ నంబరు మీద వ్యాపారం నడుపుతున్నవాళ్లు ముందు ఆ సిమ్‌ను వెతికి ఫోన్లో వేయండి.

ఇప్పుడు అసలు మాట. మా గుంటల దగ్గర ఒక నియమం ఉంది. ఒక గుంటలో వేసిన వల ఇంకో గుంటలో వేయకూడదు. ఒక గుంట నీళ్లు ఇంకో గుంటలోకి పోకూడదు. 1994, 95లలో తెల్లమచ్చ వైరస్ మన తీరాన్ని ఊడ్చేసినప్పుడు నేర్చుకున్న పాఠమది. అప్పటికి మనది టైగర్ రొయ్య. వనామి 2009 తర్వాత వచ్చింది. రొయ్య మారినా నియమం మారలేదు. గట్టు మీద నిలబడి ఆరు గుంటలనూ ఒకే చూపులో చూడొచ్చు. నీళ్లు మాత్రం కలపకూడదు.

వంతెన ప్రోగ్రాములో అన్ని సంభాషణలూ ఒకే వరసలో కనిపిస్తాయని చెప్పాను గదా. ఒక పట్టుబడి రోజు కొనేవాళ్లతో బేరం సాగుతోంది. కొనేవాడు టెలిగ్రామ్‌లో, బావ వాట్సాప్‌లో. ప్రోగ్రాములో మాత్రం ఇద్దరూ ఒకరి కింద ఒకరు. "ఇంకో ఐదు రూపాయలు తగ్గినా ఇచ్చేద్దాం బావా, మేత డబ్బు కట్టాలి" అని కొట్టాను. కొనేవాడి నుంచి వెంటనే బదులొచ్చింది. "అట్నే బావా."

కిలోకు ఐదు రూపాయలు, మూడు టన్నులు. లెక్క మీరే వేసుకోండి.

ఆ తర్వాత నేను పెట్టుకున్న కట్టుబాటు, ఆ ప్రోగ్రాములో చూస్తాను గానీ డబ్బు మాట బదులివ్వను. రేటు, కౌంటు, ఖాతా నంబరు ఉన్న ఏ మెసేజైనా అసలు యాప్ తెరిచి, పైన పేరు చదివి, అప్పుడు టైపు చేస్తాను. పది సెకన్ల ఆలస్యం. ఒక్కో ఖాతాకు ఒక్కో రంగు పెట్టుకునే వీలుంటే పెట్టుకోండి. వ్యాపారం నంబరుకు గోడబొమ్మ వేరుగా పెట్టండి. మా బావ వ్యాపారం వాట్సాప్ వెనక అంతా రొయ్యల బొమ్మే. అది కనిపిస్తే చెయ్యి దానంతటదే జాగ్రత్త పడుతుందంటాడు.

బ్యాంకువాళ్లు పంపేవి, ఓటీపీలు, ప్రభుత్వ సేవలు ఈ కలగూరగంపలోకి తేవద్దు. మన రాష్ట్రంలో 2025 జనవరి 30న మన మిత్ర మొదలైంది, 161 సేవలతో, 9552300009 నంబరు మీద. ధ్రువపత్రాలు వాట్సాప్‌లోనే తెప్పించుకోవచ్చు. మంచిదే. కానీ అందులో మీ ఆధార్, మీ ఇంటి వివరాలు ఉంటాయి. ఆ సంభాషణ సొంత నంబరులో, అసలు వాట్సాప్‌లో ఉండనివ్వండి. వంతెనకు కలపాల్సింది వ్యాపారం నంబరు ఒక్కటే.

ఇంకా ఒక రకం ఉంది, దాన్ని ప్రోగ్రాము అనడానికి కూడా నోరు రాదు. జీబీ వాట్సాప్ లాంటివి. రెండు ఖాతాలు పెట్టుకోవచ్చు, చదివినా నీలం టిక్కులు పడవు, తుడిచేసిన మెసేజీ చదవొచ్చు అని కుర్రాళ్లు ఒకరి నుంచి ఒకరు ఫైలుగా పంపుకుంటారు. అవి వాట్సాప్ వాళ్లవి కావు. దొరికితే ఖాతా ఆపేస్తారు. అది చిన్న నష్టం. లోపల ఎవరేం కలిపారో తెలియకపోవడం పెద్ద నష్టం. పెళ్లి పత్రిక పేరుతో, పీఎం కిసాన్ పేరుతో, బ్యాంకు కేవైసీ పేరుతో గ్రూపుల్లో తిరిగే ఏపీకే ఫైళ్లు కూడా ఇదే జాతి. ప్లే స్టోర్‌లో లేనిది, ప్రోగ్రాము తయారుచేసినవాళ్ల సొంత సైటులో లేనిది, ఎవరు పంపినా నొక్కకండి. నొక్కి డబ్బు పోతే ఆలోచిస్తూ కూర్చోకుండా 1930కి ఫోన్ చేయండి. గంటలు గడిచేకొద్దీ డబ్బు దొరికే ఆశ తగ్గుతుంది.

ఇక మోతలు. చెక్ ట్రే సంగతి చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. రొయ్యలకు మేత చల్లినప్పుడు కాస్త మేతను ఒక పళ్లెంలో పెట్టి నీళ్లలోకి దించుతాం. గంటన్నర, రెండు గంటల తర్వాత ఎత్తి చూస్తాం. ఖాళీ అయితే రొయ్య బాగా తింటోంది, మిగిలితే తర్వాతి మేత తగ్గించాలి. కొత్తగా గుంట వేసినవాడు ఆత్రం కొద్దీ పది నిమిషాలకోసారి ఎత్తుతాడు. ఏమీ తెలియదు, పైగా రొయ్య బెదురుతుంది. ఫోను పట్టుకుని మనం చేసేది అదే. నేను గ్రూపులను రోజుకు మూడుసార్లు చూస్తాను, చెక్ ట్రే ఎత్తే వేళలకే. రేట్లు మాత్రం పట్టుబడి ముందు వారంలో ఎక్కువసార్లు చూస్తాను, అది తప్పదు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పోయిన రోజుల్లో అందరం ఆ నియమం గాలికొదిలేశాం. గంటకో రేటు, గంటకో పుకారు. అప్పుడు చూసిందాంట్లో ఒక్క మెసేజి వల్ల కూడా నాకు రూపాయి కలిసిరాలేదు.

సముద్రంలో చేపల వేటకెళ్లే మావాళ్లే మేలు. పడవ సిగ్నల్ దాటిందంటే ఫోను రాయితో సమానం. చేపలు ఏ దిక్కున పడొచ్చో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే సమాచారం బయల్దేరే ముందే చూసుకుంటారు. ఒడ్డు కనిపించాక రెండొందల మెసేజిలు ఒక్కసారి వచ్చి పడతాయి. అందులోంచి ఇంటి కబురు ఒక్కటే తీసి, మిగతావి చూడకుండా వలలు దులుపుకునే మనిషిని జువ్వలదిన్నె దగ్గర చూశాను. ఏ ప్రోగ్రామూ పెట్టుకోలేదతను.

అత్యవసరానికి మాత్రం మెసేజి వద్దు. ఇది మా గుంటల దగ్గర గోడ మీద రంగుతో రాయించాం: కరెంటు పోతే ఫోన్ చెయ్, మెసేజి పెట్టొద్దు. రాత్రి ఫోను మూగగా పెట్టుకున్నా ఇంట్లోవాళ్ల నంబర్లు, కావలి నంబరు మోగేటట్టు సెట్టింగు ఉంటుంది. అదే మనిషి పదిహేను నిమిషాల్లోపు రెండోసారి చేస్తే మోగే ఏర్పాటూ ఆండ్రాయిడ్‌లో ఉంది. కుర్రాడికి చెప్పాను, ఒకసారి చేసి ఊరుకోవద్దు, వెంటనే ఇంకోసారి చెయ్ అని. కరెంటు పోతే తానే ఫోన్ చేసే సిమ్ పెట్టె కూడా ఒకటి బిగించాం. మొదటి వారంలో కుర్రాడు మొహమాటపడ్డాడు. ఇప్పుడు కరెంటు ఒకసారి మినుకుమన్నా చేస్తాడు. తిట్టను.

ఇన్ని కలిపినా, ఇన్ని మూసినా, ఒక గుమ్మం నా చేతికి రాలేదు. దుబాయిలో వాట్సాప్ కాల్స్ నడవవు, బోటిమ్ నడుస్తుంది. నేను చూసిన కలిపే ప్రోగ్రాములేవీ దాన్ని చేర్చుకోలేదు. మరదలి ఫోన్లో ఒక సాయంత్రం అన్నీ సర్దుతూ, బోటిమ్ మోత తీసేసి, తమ్ముణ్ని మెసేజిల వరకు వాట్సాప్‌కు రమ్మందాం, అన్నీ ఒకచోట ఉంటాయి గదా అన్నాను.

"వద్దు బావా," అంది. "దాంట్లో ఆయన తప్ప ఇంకెవురూ లేరు. ఆ మోతొస్తే ఫోన్ చూడకుండానే తెలిసిపోద్ది. పొయ్యి మీద పాలున్నా దించేసి పోతా."

మోత అలాగే ఉంచి, ఫోను ఇచ్చేశాను.